పెట్టెలో ఏముంది?

మొన్న సంక్రాంతి సెలవులకు మానుకోట వెళ్ళాను. మహబూబాబాదును మా ఇంట్లో ఇప్పటికీ అలాగే అంటాం. రాత్రి భోజనాలయ్యాక అందరం ‘మాయాబజార్’ పెట్టుకుని కూర్చున్నాం. 1957 నాటి చిత్రం. ఎన్నిసార్లు చూసినా మధ్యలో లేచిపోయేవారు మా ఇంట్లో లేరు.

ప్రియదర్శిని ఘట్టం వచ్చింది. ఎవరు తెరిస్తే వారికి ప్రియమైనది చూపే పెట్టె కదా! శశిరేఖకు అభిమన్యుడు కనిపించాడు. బలరాముడికి దుర్యోధనుడు కనిపించాడు. రేవతీదేవికి నగలు కనిపించగానే అందరితోపాటు నేనూ నవ్వాను.

అమ్మ మాత్రం నవ్వలేదు. “ఎందుకు నవ్వుతున్నవ్ కొడుకా? నాది అని చెప్పుకునేటందుకు ఆమెకు ఇంకేమున్నది?” అన్నది.

నాకు చురుక్కుమంది. ఎందుకంటారా? సెలవులకు ముందే జనగామ కాలేజీలో ఈ విషయం మీదే గంటసేపు మాట్లాడి వచ్చాను. 1940లలో అమెరికాలో చీకటి గదులు, సిగరెట్టు పొగ, నమ్మకద్రోహాలతో నేరకథా చిత్రాలు కొన్ని వచ్చాయి. 1946లో ఫ్రెంచి విమర్శకులు వాటిని ‘ఫిల్మ్ నువార్’ అన్నారు. నల్లచిత్రం అని అర్థం. నోటితో చెప్పలేని కోరికను వాటిలో వస్తువు చెబుతుంది.

బిల్లీ వైల్డర్ తీసిన ‘డబుల్ ఇండెమ్నిటీ’ (1944) చూడండి. బీమా ఏజెంటు ఒక ఇంటికి వెళతాడు. ఆ ఇంటి ఇల్లాలు మెట్లు దిగుతుంటే కెమెరా ఆమె కాలి గొలుసును పట్టుకుంటుంది. అక్కడ మొదలైన మోజు ఆమె భర్త హత్య దాకా పోతుంది. అదే చిత్రంలో ఏజెంటుతో పనిచేసే పెద్దాయన దగ్గర ఎప్పుడూ అగ్గిపుల్ల ఉండదు. ఆయన చుట్ట ఇతడే వెలిగిస్తుంటాడు. చివర ఏజెంటు గాయపడి కూలబడితే, పెద్దాయన అతని సిగరెట్టు వెలిగిస్తాడు. ఇద్దరు మగవాళ్ళ అభిమానమంతా ఆ అగ్గిపుల్లలో ఉంది.

ఇందులో ఒక తిరకాసుంది. అగ్గిపుల్ల వెలిగించినవాడి మనసు చెప్పింది. కాలి గొలుసు మాత్రం తొడుక్కున్నామె మనసు చెప్పలేదు, చూసినవాడి మనసు చెప్పింది. మన ప్రియదర్శిని అలా కాదు. అది ఆడపిల్ల చేతికి వచ్చిన కానుక. చూసేదీ ఆమే, కోరేదీ ఆమే. పిల్లలకు ఇదంతా గొప్పగా చెప్పి, ఇంటికొచ్చి రేవతిని చూసి నవ్వాను!

ఆ చిత్రానికి ముందు ఏడే, 1956లో, హిందూ వారసత్వ చట్టం వచ్చింది. స్త్రీ చేతిలోని ఆస్తి మీద పూర్తి హక్కు ఆమెదే అన్నది. అంతకుముందు చాలామంది ఆడవాళ్ళకు నాది అనుకోవడానికి ఒంటిమీది బంగారమే దిక్కు. చట్టం వచ్చాకైనా పొలం కాగితాలలో ఆడవారి పేరు ఎప్పుడు ఎక్కిందో మీ ఇంటి కాగితాలే తీసి చూడండి.

నేను వరంగల్లులో ఎం.ఏ.లో చేరిన ఏడు అమ్మ చేతి గాజులు రెండు కుదువకు పోయాయి. మళ్ళీ రాలేదు. ఆ సంగతి తెలిసి కూడా నవ్వాను సుమండీ!

మర్నాడు రైలుకు బయలుదేరుతూ అడిగాను: “అమ్మా, ఆ పెట్టె నీ చేతికిస్తే ఏం కనబడతది?”

“నా గాజులు,” అన్నది తడుముకోకుండా.

నేను ఎదురుచూసిన జవాబు అది కాదు. నా పేరు చెబుతుందనుకున్నాను.