నీటికుక్కల సంతానోత్పత్తి: పిల్లల లెక్క ఒక్కటే చాలదు

కృష్ణా, గోదావరి డెల్టాల జలమార్గాలలోను, కోరింగ మడ అడవులలోను సంచరించే నీటికుక్కకు చేపలే ప్రధానాహారం. చేపల చెరువుల యజమానుల దృష్టిలో అది దొంగ. విస్తరణ శాస్త్రవేత్తలు దానిని మరొక విధంగా చూడవలసి ఉంది. కొవ్వులో నిలిచిపోయే రసాయనాలు నీటి నుండి చేపకు, చేప నుండి నీటికుక్కకు చేరి, ప్రతి మెట్టులోను సాంద్రత పెంచుకొంటాయి. వాటి కీడు మరణాలలో కంటే ముందుగా సంతానోత్పత్తిలో బయటపడవచ్చు.

ఇందుకు బ్రిటన్ అనుభవం గమనించదగినది. 1950ల తరువాత డీల్‌డ్రిన్ వంటి పురుగుమందుల వల్ల అక్కడ నీటికుక్కలు చాలా ప్రాంతాల నుండి కనుమరుగయ్యాయి. ఆ మందులపై ఆంక్షలు వచ్చాక క్రమంగా కోలుకొన్నాయి. అయితే రహదారులపై చనిపోయిన నీటికుక్కలను సేకరించి పరీక్షిస్తూ వచ్చిన కార్డిఫ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో వేరొక సంగతి వెల్లడించారు. మగ జంతువుల శిశ్నాస్థి బరువు తగ్గింది. కొన్నింటిలో శుక్రవాహికలపై తిత్తులు, సంచిలోకి దిగని వృషణాలు కనిపించాయి. రసాయనాలే కారణమని ఆ అధ్యయనం నిర్ధారించలేదు. కానీ సంఖ్య పెరుగుతున్న కాలంలోనే ఈ మార్పులు చోటుచేసుకొన్నాయి. జంతువుల లెక్కతోనే తృప్తి పడి ఉంటే ఈ సంగతి ఎవరికీ తెలిసేది కాదు.

జంతుప్రదర్శనశాలలలోనూ పుట్టిన పిల్లల సంఖ్యనే విజయంగా భావించే అలవాటు ఉంది. ఇది సరికాదు. ఈనని ఆడజంతువు ఎందుకు ఈనలేదన్నదే అసలు ప్రశ్న. మలంలోని హార్మోను అవశేషాలను క్రమం తప్పక కొలిస్తే, జంతువును పట్టి బాధించకుండానే ఋతుచక్రం తెలుస్తుంది. ఒకే ఆవరణలో పలు జంతువులున్నప్పుడు, మేతలో హానిచేయని రంగు కలిపి ఎవరి మలమో గుర్తించవచ్చు. అయితే కొన్ని జాతులలో మిథ్యాగర్భం సామాన్యం. అప్పుడు ప్రొజెస్టిరాన్ పెరుగుదల ఒక్కటే చూసి చూలు కట్టిందనుకోరాదు. అల్ట్రాసౌండ్ పరీక్ష తోడు కావాలి. ఒక జాతి ప్రమాణాలను మరొక జాతికి అంటగట్టడం ఇంకా ప్రమాదకరం. భారతదేశపు నునుపు బొచ్చు నీటికుక్క సుమారు రెండు నెలలలో ఈనుతుంది. ఉత్తర అమెరికా నదీ జాతిలో పిండం గర్భాశయంలో నాటుకోవడమే నెలల తరబడి ఆలస్యమవుతుంది.

అడవిలో పని మరింత కష్టం. నీటికుక్కలు గుంపుగా ఒకే చోట విసర్జించడం వల్ల ఏ మలం ఏ జంతువుదో డీఎన్ఏ పరీక్షతో గాని తేలదు. ఎండకు ఆ డీఎన్ఏ త్వరగా చెడిపోతుంది. కనుక తెల్లవారుజామున సేకరించిన తాజా నమూనాకే విలువ. జంతుప్రదర్శనశాలలో వయస్సు, ఈత వివరాలు తెలిసిన జంతువుల ఫలితాలను ప్రమాణంగా పెట్టుకొంటేనే ఈ అడవి నమూనాలకు అర్థం చెప్పగలం.

అన్నిటికంటే ఎక్కువగా చేజారుతున్నది మృతదేహం. వాహనాల కింద పడినదో, వలలో చిక్కి చచ్చినదో గట్టున పూడ్చివేస్తే అందులోని సమాచారమంతా మట్టిపాలే. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉన్న జంతువు గనుక రైతు గాని, విస్తరణ సిబ్బంది గాని దానిని తాకి తరలించరాదు. వెంటనే అటవీ శాఖకు తెలియజేసి, స్థలం, తేదీ, సమీప పొలాలలో ఇటీవల వాడిన మందులు రాసి ఉంచాలి. కోరింగలో బావురుపిల్లి కూడా ఉన్నందున ఫొటో తప్పనిసరి. శవపరీక్ష చేసే పశువైద్యుడు మరణకారణంతో ఆగక, అండాశయాలు, గర్భాశయం, వృషణాలను కొలిచి భద్రపరచాలి. పాలిచ్చిన చన్నులున్నాయా అన్న చిన్న వివరం కూడా ఆ కాలువలో ఆ ఏడు పిల్లలు పుట్టాయో లేదో చెబుతుంది.