ఇల్లు కొన్నాం సరే, బడి ఎవరు కట్టారు?

డాలస్‌లో ఇల్లు వెతుక్కునే మనవాళ్ళని చూడండి. వంటగది, వాస్తు తర్వాత సంగతి. ముందు ప్రశ్న "ఫ్రిస్కో ఐఎస్‌డీయేనా?" నేనూ అలా కొన్నవాణ్ణే, కాబట్టి ఎవర్నీ వెక్కిరించట్లేదు.

కానీ ఈ బళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చాయి? 2000 జనాభా లెక్కల్లో ఫ్రిస్కో జనం 33,714. 2020కి రెండు లక్షలు దాటారు. 2003లో సెంటెన్నియల్ తెరిచేదాకా డిస్ట్రిక్ట్ మొత్తానికీ ఒకటే హైస్కూలు. 2022కల్లా పన్నెండు! రెండుమూడు పెద్ద బళ్ళు కట్టి అందర్నీ కుక్కకుండా, హైస్కూలుకి సుమారు 2,100 మందే ఉండాలన్నది వాళ్ళ పద్ధతి. కొత్త బడి తెరిచినప్పుడల్లా జోనింగ్ మారడం, తల్లిదండ్రులు గోల పెట్టడం మామూలే.

ఇవన్నీ బాండ్లతో కట్టినవి. అంటే అప్పు. చెయ్యాలా వద్దా అని ఓటర్లని అడగాలి, తీర్చేది ప్రాపర్టీ టాక్స్‌తో. మనకంటే ముందున్నవాళ్ళు "సరే" అని ఓటేశారు కాబట్టే మనం వచ్చేసరికి బళ్ళు సిద్ధంగా ఉన్నాయి.

ఇప్పుడు కథ మారింది. పిల్లల సంఖ్య తగ్గుతోంది. ముందొచ్చినవాళ్ళ పిల్లలు కాలేజీలకి వెళ్ళిపోయారు, ఈ ధరల్లో కొత్త కుటుంబాలకి ఇల్లు అందట్లేదు. టెక్సస్‌లో రాష్ట్రం డబ్బిచ్చేది హాజరు లెక్కన. పైగా ఆ లెక్కకి మూలమైన మొత్తం 2019 నుంచి 2025 దాకా 6,160 డాలర్ల దగ్గరే ఆగిపోయింది. 2024 నవంబరులో టాక్స్ పెంపు, బాండ్లు అన్నిట్నీ ఓటర్లు తిప్పికొట్టారు. స్టేలీ మిడిల్ స్కూల్ని మూసెయ్యాలని బోర్డు నిర్ణయించింది.

నచ్చకపోతే వద్దని ఓటెయ్యొచ్చు, తప్పులేదు. నా బాధ అసలు వెయ్యనివాళ్ళ గురించి. గ్రీన్‌కార్డు క్యూలో ఉన్నవాళ్ళు టాక్స్ కడతారు, ఓటుండదు పాపం. వాళ్ళు కనీసం బోర్డు మీటింగుకెళ్ళి మాట్లాడొచ్చు. సిటిజన్లయినవాళ్ళేమో "మావాడి చదువైపోయింది, నాకెందుకు" అంటారు. నేనూ ఒకసారి ఆఫీసులో రిలీజ్ ఉందని మానేశాను. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది.

ఎవరో రాసిన కోడు మీద మన ప్రాజెక్టు నడుపుకుంటూ, మెయింటెనెన్స్ మాత్రం నా పని కాదంటే మన టీములో ఊరుకుంటామా? మరి బడి విషయంలో ఎందుకు ఊరుకుంటున్నాం?