ఇంటి తాళపుచెవి

పూర్వము దూరదేశమునకు పోవువాడు ఇంటి తాళపుచెవిని పొరుగువారికి అప్పగించి పోయెడివాడు. నేటి యువకుడు తల్లిదండ్రులు ఇంటనే యుండగా, ఆ యింటి తాళపుచెవిని తనవెంట సముద్రములు దాటించుచున్నాడు. నేను చెప్పునది ఇనుపతాళమును గూర్చి కాదు. ఇంటిలోని కంప్యూటరును గూర్చి. దూరమునుండి దానిని తెరచు అధికారము ఎవరి యెరుకలో నుండవలెననునది నా ప్రశ్న.

1986 ఆగస్టులో భద్రాచలమున గోదావరి 75.6 అడుగుల మట్టమున పారెను. అప్పుడు నేను క్రొత్తగా ఉపాధ్యాయుడనైతిని. మా రేకుపెట్టెలోని దస్తావేజులు, శిస్తు రసీదులు తడిసి ముద్దయ్యెను. ఆరబెట్టగా మిగిలిన కాగితములకు, చాల యేండ్ల తరువాత, మా కుమారుడు ఛాయాచిత్రములు తీసి కంప్యూటరులో నుంచెను. పిదప వాడు ఉద్యోగమునకై అమెరికాలోని డాలసు నగరమునకు పోయెను.

పాత కాగితములకింత శ్రద్ధ యేల యని మీరడుగవచ్చును. భద్రాచలము 1959 వరకు తూర్పుగోదావరి జిల్లాలో నుండెను. ఆ యేట ఖమ్మము జిల్లాలో చేరెను. 2014లో పోలవరము కారణముగా చుట్టునున్న గ్రామములు పెక్కు ఆంధ్రప్రదేశమునకు పోగా, పట్టణము తెలంగాణములో నిలిచెను. 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లా యేర్పడెను. మా యిల్లు అంగుళమైనను కదలలేదు గాని, దాని చిరునామా మూడు జిల్లాలు తిరిగినది! ఇక అడవి యంచున సాగుచేయువారి మాట చెప్పనేల? 2006 నాటి అటవీ హక్కుల చట్టము క్రింద పట్టా పొందుటకు, 2005 డిసెంబరు 13కు ముందునుండియు ఆ భూమి తమ సాగులో నున్నట్లు వారు చూపవలెను. గిరిజనేతరులు మూడు తరముల నివాసమును గూడ చూపవలెను. అట్టివారికి ఒక చినిగిన రసీదు బంగారముతో సమానము.

దూరమునుండి కంప్యూటరును తెరచు విధానము వినుటకు వింతగా నుండును గాని తెలిసికొనుట కష్టము కాదు. ఇంటి యంత్రములో ఒక ప్రోగ్రాము నిరంతరము మేల్కొని యుండును. దూరముననున్నవాడు సరియైన సంకేతపదము నిచ్చినచో, అది ఇక్కడి తెరబొమ్మను అచ్చటికి పంపును. వాడచ్చట మీట నొక్కగా ఇక్కడ అక్షరము పడును. సముద్రగర్భమున పరచిన గాజుతంతులలో వెలుగై పరుగెత్తు ఆ సమాచారము డాలసు పోయి తిరిగి వచ్చుటకు ఒక్క సెకనైనను పట్టదు.

ఒకనాటి వేసవిలో తెల్లవారుజామున 5 గంటలకు మా యింటి యిల్లాలు కెవ్వున కేక వేసెను. ఎవరును తాకకుండగనే తెరపై బాణపుగుర్తు కదలుచుండెను. దయ్యమేమో యని ఆమె భయము. డాలసులో నప్పుడు ముందునాటి సాయంకాలము ఆరున్నర; ఆ దయ్యము మా పుత్రరత్నమే! నవ్వుకొంటిమి గాని, నాకు లోలోపల కొంచెము నొచ్చినది. సొంత యింటికి వచ్చువాడైనను తలుపు తట్టును గదా!

2022 జూలైలో నది మరల 71.3 అడుగులకు పెరిగెను. విద్యుత్తు ఆగెను. కంప్యూటరును అటక యెక్కించి మేము పునరావాస కేంద్రమునకు పోయితిమి. ఆ దినములలోనే మా వానికి తన పట్టాప్రతి యొకటి అత్యవసరమయ్యెను. "నాన్నగారూ, యంత్రము పలుకుట లేదు" అని వాడు, "పలుకుటకు కరెంటేది నాయనా?" అని నేను. సంకేతపదములన్నియు వానికి తెలియును. వానికి యంత్రము అందదు. యంత్రము నా చేతికందును. దానిని తెరచుట నాకు తెలియదు. ముప్పదియేండ్లు పాఠములు చెప్పినవాడనై, నా కాగితములకు నేనే కావలివాడనై మిగిలితిని.

అన్నిటిని అంతర్జాలపు అద్దె గిడ్డంగిలో పెట్టి నిశ్చింతగా నుండుడని కొందరందురు. ఒక ప్రతిని అచ్చట దాచుట మంచిదే. వరదకు అది అందదు. కాని ఆ గిడ్డంగి తాళము కూడ డాలసుననే యున్నచో నా స్థితిలో భేదమేమి? ఇంటనున్నవారికి తెలియని తాళము ఇంటిది కాదని నా యభిప్రాయము. కావున నేను పట్టుబట్టి నేర్చుకొంటిని. సంకేతపదమునకు తోడు రెండవ సంకేతము నా ఫోనునకు వచ్చునట్లు మా వానిచేతనే చేయించితిని. "అర్ధరాత్రి మిమ్ము లేపవలెనా నాన్నగారూ?" అని వాడు నొచ్చుకొనెను. లేపుమంటిని. వృద్ధునకు నిద్ర యెంత?

బాలలారా, బ్యాంకువారమని ఫోను చేసి, ఇట్టి ప్రోగ్రామునే మన ఫోనులో పెట్టించి ధనమపహరించు మోసగాండ్రున్నారు. 2019 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు ఈ విషయమున హెచ్చరిక చేసెను. మీ యింటి పెద్దలకు ఈ మాట చెప్పుడు. మోసము జరిగినచో వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేయించుడు.

ఇప్పుడు మా వాడు కంప్యూటరును తెరచుటకు ముందు ఫోను చేయును. నేను కండ్లద్దములు వెదకికొని, సంకేతమును చదివి చెప్పి, "ఇక రమ్ము నాయనా" అందును. బాణపుగుర్తు కదలుట చూచి మా యిల్లాలు, "అన్నము తిన్నాడేమో అడుగుడు" అనును.