పగటి కలల మేడ



మిరపకోతల రోజుల్లో ఒక తల్లి తన కుమారుణ్ణి వెంటబెట్టుకొని మా యింటికి వచ్చింది. "అయ్యగారూ, వీడు పొద్దస్తమానం డాబా మీద పచార్లు చేస్తూ తనలో తానే నవ్వుకుంటాడు. పిలిస్తే పలకడు. కోతకు రాడు. పుస్తకం తీస్తే తెల్లారులూ అదే పేజీ. ఏదో గాలి సోకిందంటున్నారు, ప్రార్థన చేయండి" అన్నది.

ఆనాడు నేను తొందరపడ్డాను. సోమరితనం మానుకోమని మందలించి, ప్రార్థన చేసి పంపివేశాను. వారం తర్వాత ఆ చిన్నవాడు ఒంటరిగా వచ్చాడు. "నా ఊహలో నేను పెద్ద ఆఫీసరునండి. అమ్మ అప్పు తీర్చేస్తాను. తెలివి తెచ్చుకుంటే మళ్ళీ అదే అప్పు. ఆపుదామన్నా ఆగడం లేదు" అని ఏడ్చాడు. నల్ల తామరపురుగు మిరప తోటలను ఊడ్చిపెట్టిన 2021-22 నాటి అప్పు అది. నేను సిగ్గుపడ్డాను.

పగటి కలలు కననివారెవరు? నారు నాటిన రైతు గుంటూరు యార్డులో రాబోయే ధర లెక్కవేసుకోడా? ఆ ఊహ మనిషిని పనికి లేపితే మేలే, పనిని మింగివేస్తేనే కీడు. ఇశ్రాయేలు దేశంలో ఎలీ సోమర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన వద్దకు వచ్చిన ఆరుగురిని పరిశీలించి, 2002లో ఈ స్థితికి ఒక పేరు పెట్టాడు. గంటల తరబడి ఊహల్లో గడపడం, అటూ ఇటూ నడవడం, పాట వింటే ఊహ ఊపందుకోవడం, ఇతరులకు తెలియకుండా దాచుకోవడం దీని గుర్తులు. ఇది ఊహేనని వారికి తెలుసు, కనుక దీనిని పిచ్చి అనరాదు. వైద్యుల జబ్బుల పట్టికలో దీనికింకా ప్రత్యేక స్థానం లేదు. అయినా దిగులు, ఆందోళన తరచుగా దీని వెంట ఉంటాయి.

తల్లిదండ్రులారా, ఇటువంటి బిడ్డను తిట్టవద్దు, భూతవైద్యుని యొద్దకు తీసుకుపోవద్దు. ఏ బాధను తప్పించుకోవడానికి ఆ మేడ ఎక్కుతున్నాడో మెల్లగా అడగండి. ఊహ ఎప్పుడు మొదలయ్యేదీ, ఎంతసేపు సాగేదీ ఒక కాగితం మీద వ్రాయించండి. చిన్న చిన్న పనులు అప్పగించండి. నిద్ర చెడనీయకండి. చదువు, తిండి దెబ్బతింటుంటే మానసిక వైద్యునికి చూపించండి. 2022లో ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్‌కు 14416 నంబరు మీద ఫోను చేసి ఉచితంగా తెలుగులో మాట్లాడవచ్చు.

ఆ తల్లీకొడుకులను కూర్చోబెట్టి అప్పు లెక్క వ్రాయించాను. ఎవరికెంత, ఏ నెలలో ఎంత అని. మానసిక వైద్యునికీ చూపించాము. కలలు పూర్తిగా పోలేదు. అయితే ఇప్పుడతడు ఉదయం పూట కోతకు వెళ్తున్నాడు.

కలలు కనేవాడని ఎగతాళి చేసి యోసేపును అన్నలు గుంటలో పడవేశారు. మన పిల్లలను మనమే ఆ గుంటలోకి త్రోయకుందుము గాక.