పరదేశపు ఆట, పల్లె ఆట

రాయదుర్గము కొండకోట దిగువను వేరుసెనగ పెరికిన చేలు మరల తొలకరి వరకు బీడుగానే పడియుండును. బడి విడిచిన పిల్లలు సాయంకాలము ఆ ఎర్రనేలపై మూడు పుల్లలు పాతి, టెన్నిసు బంతితో క్రికెట్టు ఆడుదురు. బ్యాటు ఒక్కటే, అది ఎవరిదో వాడే మొదట ఆడవలెను. బంతి సర్కారుతుమ్మ కంపలోనికి పోయినచో కొట్టినవాడే వెదకి తేవలెను. ఈ నిబంధనలు ఏ క్రికెట్టు గ్రంథమునందును కానరావు; ఐనను సీమ అంతటను ఇవే చెల్లుబాటగుచున్నవి.

ఈ పిల్లల తాతలు ఇదే నేలపై చెడుగుడు ఆడినవారు. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము ఏర్పడు వరకు రాయదుర్గము తాలూకా బళ్ళారి జిల్లాలోనిది. కాబట్టి ఇచ్చట ఒకే ఆటకు రెండు భాషలలో పేరుండుట వింత కాదు. తెలుగు ఇంటి పిల్లవాడు బిళ్ళంగోడు అన్నదానినే కన్నడ ఇంటి పిల్లవాడు చిన్ని దాండు అనెడివాడు. ఆ ఆటలు ఏమైనవని అడిగినచో పెద్దలు చెప్పు సమాధానము సిద్ధముగనే ఉండును: రేడియో వచ్చినది, టెలివిజను వచ్చినది, క్రికెట్టులో కోట్లు వచ్చినవి, పల్లె ఆట పోయినది. ఈ సమాధానము అబద్ధము కాదు గాని, సగమే నిజము. మిగిలిన సగము తెలియుటకు సముద్రములు దాటి ఐర్లండు వరకు పోవలసి ఉన్నది. ఇంగ్లీషువారి యేలుబడిలో ఇంగ్లీషువారి ఆటలు వచ్చి స్వదేశపు ఆటలను క్రమ్ముకొనుట ఆ దీవి మనకంటె ముందే చూచినది, చూచి ఊరకుండలేదు.

ఐర్లండు ప్రజల పాత ఆట హర్లింగు. కొన వెడల్పైన వంపు కర్రతో చిన్న తోలుబంతిని గాలిలోనే కొట్టుచు పరుగెత్తు ఆట అది. కుహులిన్ అను వారి పురాణవీరుడు బాల్యమున ఈ కర్రతోను, బంతితోను ఒక భయంకరమైన వేటకుక్కను చంపెనని కథ. నూతిలో పడిన బంతిని ద్రోణుడు బాణములతో తీసి కురుకుమారులకిచ్చిన కథ తెలిసినవారికి, బంతిని పట్టుకొని వీరచరిత్ర మొదలగుట క్రొత్తగా తోపదు. రగ్బీ వేరు. కోడిగ్రుడ్డు ఆకారపు బంతిని చంకనిడుకొని పరుగెత్తువానిని ఎదిరిపక్షము నేలకు పడగొట్టును. చేతితో బంతిని ముందుకు విసరరాదు, వెనుకకో ప్రక్కకో అందీయవలెను. 1854లో డబ్లిను విశ్వవిద్యాలయమున దీనికి ఒక క్లబ్బు ఏర్పడినది. అటుపై ఎక్కువ జీతము పుచ్చుకొను ఉన్నతపాఠశాలలలో అది వేళ్ళూనినది. వకీళ్ళు, వైద్యులు, బ్యాంకు ఉద్యోగులు కాబోవు పిల్లల ఆట అది. లిమరిక్ పట్టణమొక్కటే దీనికి పెద్ద అపవాదము. అచ్చట రేవు కూలీలు కూడ రగ్బీనే తమ ఆటగా చేసికొనిరి.

1884 నవంబరు 1వ తేదీన థర్లెస్ అను చిన్న పట్టణపు హోటలులో కొద్దిమంది సమావేశమై గేలిక్ క్రీడాసంఘమును స్థాపించిరి. వారికి నాయకుడు మైకేల్ క్యూసాక్. ఈయన బడిపంతులు. డబ్లినులో ఉద్యోగపరీక్షలకు పిల్లలను సిద్ధపరచు విద్యాలయమును నడపినవాడు. ఉపాధ్యాయ పాఠకులు గమనింపదగిన విశేషము మరియొకటి ఉన్నది: ఆయన స్వయముగా రగ్బీ ఆడినవాడు, క్రికెట్టన్న చెవి కోసికొనువాడు. పరదేశపు ఆట తెలియక దానిని ద్వేషించినవాడు కాదు; తెలిసి, దానికున్న నియమమును, పట్టికను, క్లబ్బును తన దేశపు ఆటకు కూడ కల్పింపవలెనని పూనుకొన్నవాడు.

అప్పటికి ఐరిషు పల్లెలలో క్రికెట్టు ఎంతగా వ్యాపించినదో వినినచో నేటివారు నమ్మరు. కిల్కెన్నీ జిల్లాలో 19వ శతాబ్దపు చివరి భాగమున ఊరూర క్రికెట్టు జట్లుండెడివి. జమీందారులే కాదు, వారి పొలములలో పనిచేయు కూలీలును ఆడెడివారు. అదే కిల్కెన్నీ ఈనాడు హర్లింగునకు రాజధాని. అఖిల ఐర్లండు పోటీలలో అన్ని జిల్లాలకంటె ఎక్కువసార్లు గెలిచినది. కావున పరదేశపు ఆట ఒకసారి పాతుకొన్న పిదప పెరికివేయుట అసాధ్యమను మాట చరిత్రకు నిలువదు.

ఇది ఎట్లు జరిగినది? నిషేధము వలననని చాలమంది తలంచుచుందురు. నిజమే, నిషేధము ఉండినది. రగ్బీ, సాకర్, హాకీ, క్రికెట్టు ఆడినవారిని, తుదకు చూడబోయినవారిని కూడ సంఘము నుండి తొలగించెడివారు. ఎవరెవరు పోవుచున్నారో కనిపెట్టుటకు నిఘా సంఘములు సైతము ఉండెడివి. 1938లో దేశాధ్యక్షుడు డగ్లస్ హైడు, పదవీధర్మముగా ఒక సాకర్ పోటీకి హాజరైనందుకు, ఆయనను గేలిక్ సంఘపు పోషకపదవి నుండి తొలగించిరి. ఐరిషు భాషోద్ధరణకు జీవితము ధారపోసిన వృద్ధునికి జరిగిన సత్కారమది! ఆ నిబంధన 1971 వరకు సాగి రద్దైనది. రద్దైన తరువాత హర్లింగు చచ్చిపోలేదు, రగ్బీయు తగ్గలేదు. కనుక ఆటను నిలిపినది నిషేధము కాదు. ప్రతి చర్చి పరిధిలోని గ్రామమునకు ఒక క్లబ్బు, క్లబ్బునకు ఒక మైదానము, ఊరి పిల్లవాడు ఊరి జట్టులోనే ఆడవలెనను కట్టుబాటు, ఈ మూడును నిలిపినవి. ఎనుబది రెండువేల మంది చూచుచుండగా అఖిల ఐర్లండు పోటీ ఆడిన యువకుడు మరునాడు పొలమునకో, బడిలో పాఠము చెప్పుటకో పోవును. ఆటకు వానికి జీతము లేదు.

రగ్బీ ఆకర్షణ వేరొక మూలము నుండి వచ్చినది. 1921లో దీవి రెండుగా చీలినను రగ్బీలో మాత్రము ఉత్తర దక్షిణములు ఒకే జట్టుగా ఆడుచున్నవి. హర్లింగులో జిల్లాతో జిల్లా పోరాడును. ప్రపంచముతో పోరాడు అవకాశము లేదు. రగ్బీ ఆ లోటును తీర్చినది. 1978లో లిమరిక్ మైదానమున మన్‌స్టర్ జట్టు న్యూజీలండును 12–0తో ఓడించిన కథను తాతలు ఇప్పటికిని చెప్పుదురు. 1995లో ఆటగాండ్రకు జీతములు వచ్చినవి. 2009, 2018, 2023 సంవత్సరములలో ఐర్లండు ఇంగ్లండు మొదలగు ఐదు జట్లను వరుసగా గెలిచినది. తత్ఫలితముగా రగ్బీని ఎన్నడును ఆడని పల్లెటూరివాడు కూడ అది చూచుటకు కూర్చుండును. చూచువారి సంఖ్య వేరు, ఆడువారి సంఖ్య వేరు. ఒక ఆట జనాదరణను లెక్కించునపుడు ఈ రెండిటిని కలిపివేయుట వలననే సగము గందరగోళము పుట్టుచున్నది.

రెండు ఆటలును ఒకేచోట ఎదురైన దినమొకటి ఉన్నది. డబ్లినులోని క్రోక్ పార్కు గేలిక్ సంఘపు సొంత మైదానము. జలియన్‌వాలాబాగు దురంతము జరిగిన పందొమ్మిది నెలలకు, 1920 నవంబరు 21న, అచ్చట ఆట సాగుచుండగా బ్రిటిషు బలగములు జరిపిన కాల్పులలో 14 మంది మరణించిరి. వారిలో మైకేల్ హోగన్ అను ఆటగాడు కూడ ఒకడు. ఆ మైదానమున రగ్బీకి అనుమతి ఈయవచ్చునా అని ఏండ్ల తరబడి చర్చించి, 2005లో నిబంధన సడలించిరి. 2007 ఫిబ్రవరి 24న ఇంగ్లండు జట్టు అచ్చటికి వచ్చినపుడు బ్రిటిషు రాజగీతము వినిపించినది. జనులు నిశ్శబ్దముగా నిలిచి విని, పిమ్మట తమ జట్టు 43–13తో గెలుచుటను చూచి సంతోషించిరి. తమ ఆటకు తమ మైదానము ఉన్నవాడు మాత్రమే పరుల ఆటకు ఇంత నిబ్బరముగా తలుపు తీయగలడు.

ఇక రాయదుర్గము. రగ్బీ ఇచ్చటి పిల్లలకు పేరు మాత్రమే. భారతదేశముతో దానికి పాత సంబంధము లేకపోలేదు: కలకత్తా క్లబ్బు మూతపడినపుడు మిగిలిన వెండి రూపాయలను కరగించి చేయించిన పాత్రకే ఇంగ్లండు, స్కాట్లండు జట్లు 1879 నుండి పోటీపడుచున్నవి. 2025లో ముంబయిలో జరిగిన రగ్బీ లీగులో హైదరాబాదు పేరిట కూడ ఒక జట్టు ఆడినది. కాని సగటు వర్షము 550 మిల్లీమీటర్లకు అటునిటుగా ఉండు జిల్లాలో, గులకరాతి నేలపై మనిషిని పడగొట్టు ఆట ఎట్లు సాగును? ఐర్లండునకు వర్షమున్నది, పచ్చిక ఉన్నది. ఇచ్చట రగ్బీ స్థానమున నిలిచినది క్రికెట్టే. చెడుగుడుకు కూడ నేల త్రవ్వి, రాళ్ళు ఏరి, నీరు చల్లి మెత్తన చేయవలెను. క్రికెట్టునకు గట్టిగా, చదునుగా ఉండిన చాలును. కరవునేల క్రికెట్టు పక్షము వహించినదన్నచో అతిశయోక్తి కాదు.

బాహాటముగా ఎవరును చెప్పని కారణము మరియొకటి ఉన్నది. చెడుగుడు తాకు ఆట. కూతకు వచ్చినవానిని నడుము పట్టి, కాళ్ళు పట్టి, పదిమంది మీదపడి ఆపవలెను. అంటు పాటించిన ఊళ్ళలో ఈ వాడ పిల్లలు, ఆ వాడ పిల్లలు వేరువేరుగా చెడుగుడు ఆడుకొనిరే గాని కలసి ఆడుట అరుదు. క్రికెట్టులో ఆటగానికిని ఆటగానికిని నడుమ ఇరువది గజముల దూరమున్నది. తాకకుండ కలసి ఆడుటకు అది వీలిచ్చినది. అంతమాత్రమున క్రికెట్టు సమతను తెచ్చినదని పొగడనక్కరలేదు. 1911లో ఇంగ్లండు యాత్రలో నూటికి పైగా వికెట్లు తీసిన పాల్వంకర్ బాలూకు పూనాలో తోటి ఆటగాండ్రు క్లబ్బు వెలుపల మట్టిముంతలో తేనీరు పోసెడివారు. బంతి ముట్టవచ్చును, కప్పు ముట్టరాదు.

చెడుగుడు చచ్చిపోయినదనుట కూడ సరికాదు. కబడ్డీయను పేరుతో అది పట్టణము చేరినది. 1936లో బెర్లిను ఒలింపిక్సు సందర్భమున అమరావతి వ్యాయామశాలవారు దానిని ప్రదర్శించిరి. 1950లో అఖిల భారత సమాఖ్య ఏర్పడినది. 1990 నుండి ఆసియా క్రీడలలో పతకమున్నది. 2018లో ఇరాను చేతిలో ఓడు వరకు పురుషుల బంగారుపతకము భారతదేశమునకే దక్కినది. చక్రవ్యూహమున అభిమన్యుడు చేసినదే తొలి చెడుగుడు అని సభలలో చెప్పుట పరిపాటి. వినుటకు ఇంపుగా ఉండును గాని, అది చరిత్ర కాదు. ఈనాటి ఏడుగురి జట్టు, ముప్పది సెకండ్ల కూత, రబ్బరు చాప, ఇవన్నియు ఆధునిక కాలమున ఏర్పరచుకొన్నవే. క్యూసాక్ హర్లింగునకు చేసినదే ఇచ్చటను జరిగినది. ఇందులో తప్పు లేదు. ఐతే గుక్క విడువక ఎంతసేపు నిలిచిన అంతసేపు ఆడిన పాత పద్ధతి, ఒక్కొక్క పల్లెకు ఒక్కొక్క తీరున ఉండిన కూతపదములు ఈ సవరింపులో జారిపోయినవి.

2014లో ప్రొ కబడ్డీ లీగు వచ్చినది. తెలుగు టైటన్స్ అను జట్టు ఆనాటి నుండి ఉన్నది. దానికి తొలిరోజులలో పేరు తెచ్చిన కూతగాడు రాహుల్ చౌధరి ఉత్తరప్రదేశ్‌వాడు. 2023లో వేలములో 2 కోట్ల 60 లక్షలకు పైగా పెట్టి కొన్న పవన్ సెహ్రావత్ ఢిల్లీవాడు. ఇరువురును గొప్ప ఆటగాండ్రే. కాని జట్టు పేరులో తెలుగున్నదని రాయదుర్గపు బాలునికి ఆ జట్టులోనికి త్రోవ దొరకదు. కబడ్డీ క్రికెట్టును అనుకరించి ధనము సంపాదించినది. ఐర్లండులో ఊరు ఆటను పోషించుచున్నది; ఇచ్చట టెలివిజను పోషించుచున్నది.

ఊరి నుండి దేశపు జట్టు వరకు త్రోవ వేయుట అసాధ్యము కాదని అనంతపురమే నిరూపించినది. 1969లో విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన గ్రామీణాభివృద్ధి సంస్థవారి క్రీడాగ్రామమున 2010లో స్పెయిను టెన్నిసు వీరుడు నాదాల్ పేరిట పాఠశాల వెలసినది. 2024 సెప్టెంబరులో దులీప్ ట్రోఫీ పోటీలు అచ్చటనే జరిగినవి. అచ్చట శిక్షణ పొందిన బారెడ్డి అనూష 2023లో బంగ్లాదేశ్‌పై భారత మహిళల జట్టున ఆడినది. మైదానము, గురువు, ప్రతిదిన సాధన, ఈ మూడును దొరికినచో కరవుజిల్లా పల్లెపిల్ల ఎంత దూరము పోగలదో దీనివలన తెలియుచున్నది. ఆ మూడును క్రికెట్టునకు దొరికినవి. చెడుగుడుకు ఊరిలో దొరకలేదు.

ఊరిలో దొరకునది తిరునాళ్ళు. జాతరకో, ఉగాదికో మూడు దినములు కబడ్డీ పోటీలు పెట్టుదురు. చందాలు, మైకు, రాత్రి దీపములు, బహుమతి సొమ్ము అన్నియు ఉండును. నాలుగవనాడు గుంజలు పెరికివేయుదురు. ఆ జట్టు మరల ఏడాదికి గాని కలియదు. ఈలోగా సగముమంది బళ్ళారికో, బెంగుళూరుకో కూలికి పోయియుందురు, మిగిలినవారు ఊరిలోనే దుస్తులు కుట్టుచుందురు. 2023 డిసెంబరులో మొదలైన ‘ఆడుదాం ఆంధ్రా’ పోటీలలో క్రికెట్టు, వాలీబాలు, బాడ్మింటనులతోబాటు కబడ్డీ, ఖోఖోలకు చోటిచ్చుట మంచిపనియే. అవియు కొన్ని వారముల ఉత్సవములే.

ఇక మిగిలినది బడి. సర్కారుబడికి మైదానము ఉండిన చోట వ్యాయామోపాధ్యాయుడు ఉండడు; అతడు ఉండిన చోట ఆటల గంటను లెక్కల మాస్టరు అడిగి పుచ్చుకొనును. అద్దెమేడలలో నడచు ప్రైవేటుబడికి మేడపైకప్పే మైదానము. మైదానము ఉన్నచోటను దాని హద్దురాళ్ళు ఏటేట లోపలికి జరుగుచుండుట పల్లెటూళ్ళలో అందరికిని తెలిసినదే. గేలిక్ సంఘమువారు చేతిలో డబ్బు లేని దినములలో, 1913లోనే, క్రోక్ పార్కు భూమిని కొని పత్రము తమ పేర వ్రాయించుకొనిరి. 1920లో తుపాకులు పేలినను, 2007లో ఇంగ్లండు జట్టు వచ్చినను ఆ నేల వారిదే. రాయదుర్గము చుట్టుపట్ల చెడుగుడు ఆడు నేల ఏ సర్వే నంబరులో ఉన్నదో, ఎవరి పేర ఉన్నదో గ్రామపు రికార్డులలో చూచి వచ్చు పని ఒక పూటలో ఐపోవునది. పదవతరగతి పిల్లలు సైతము చేయగలరు.