కోషియెన్ మైదానంలో పరాయి ఎవరు?

2024 ఆగస్టు 23న జపాన్‌లోని కోషియెన్ స్టేడియంలో క్యోటో ఇంటర్నేషనల్ హైస్కూల్ జట్టు 2-1 తేడాతో కాంటో దాయిచి జట్టును ఓడించి జాతీయ హైస్కూల్ బేస్‌బాల్ టైటిల్ గెలిచింది. అక్కడి ఆనవాయితీ ప్రకారం గెలిచిన జట్టు మైదానంలో వరుసగా నిలబడి తమ స్కూలు గీతం పాడుతుంది. ఆ రోజు దేశమంతా టీవీలో విన్న గీతం కొరియన్ భాషలో ఉంది. జపాన్‌లో స్థిరపడిన కొరియన్లు 1947లో పెట్టుకున్న బడి అది. జపనీయులు జపాన్ సముద్రం అని పిలిచే జలాలను ఆ గీతం 'తూర్పు సముద్రం' అంటుంది. ఇంకేముంది, సోషల్ మీడియాలో దూషణలు వెల్లువెత్తాయి. వాటిని క్యోటో గవర్నర్ స్వయంగా ఖండించాల్సి వచ్చింది. విచిత్రమేమిటంటే, ఆ బడిలో చదివే పిల్లల్లో ఎక్కువమంది జపనీయులే.

స్కూలు పిల్లల ఆటకు ఇంత రాద్ధాంతమా అని మనకు అనిపించవచ్చు. కానీ 1915లో మొదలైన ఈ వేసవి టోర్నీ జపాన్‌లో దాదాపు పండగ. మొత్తం 47 ప్రిఫెక్చర్ల నుంచి 49 జట్లు వస్తాయి. ఊరు వదిలి టోక్యోలో ఉద్యోగం చేసుకునేవాళ్లు కూడా ఆ రోజుల్లో సొంత ప్రిఫెక్చర్ జట్టు గెలిచిందా లేదా అని ఆరా తీస్తారు. ఓడిన పిల్లలు ఏడుస్తూ మైదానం మట్టిని సంచుల్లో నింపుకుని ఇంటికి తీసుకెళ్తారు.

ఇంతా చేసి బేస్‌బాల్ వాళ్ల సొంత ఆట కాదు. 1872లో హొరేస్ విల్సన్ అనే అమెరికన్ ఉపాధ్యాయుడు టోక్యోలో తన విద్యార్థులకు నేర్పిన ఆట. క్రికెట్‌ను మనం ఇంగ్లండ్ ఆట అని ఎప్పుడో మరిచిపోయినట్టే, వాళ్లూ దీన్ని పూర్తిగా తమది చేసుకున్నారు. పరాయి ఆటను సొంతం చేసుకున్నంత తేలికగా పరాయి మనిషిని సొంతం చేసుకోలేకపోవడమే అసలు చిక్కు.

జపాన్‌లో మొట్టమొదట 300 విజయాలు సాధించిన పిచర్ విక్టర్ స్టార్ఫిన్ రష్యాలో పుట్టాడు. యుద్ధకాలంలో ఆయన పేరును జపనీస్ పేరుగా మార్పించారు. 868 హోమ్ రన్లు కొట్టిన సదహారు ఓ టోక్యోలో పుట్టి పెరిగినవాడే. అయినా 1957లో తన స్కూలుకు వసంతకాలపు కోషియెన్ టైటిల్ తెచ్చిపెట్టిన ఆ కుర్రాడికి అదే ఏడాది జాతీయ క్రీడోత్సవంలో ఆడే వీలు లేకపోయింది. తండ్రి చైనీయుడు కావడంతో ఓకు జపాన్ పౌరసత్వం లేదు మరి. 1958లో, అప్పటికి అమెరికా పాలనలో ఉన్న ఒకినావా నుంచి వచ్చిన షురి హైస్కూల్ పిల్లలు తీసుకెళ్లిన కోషియెన్ మట్టిని విదేశీ మట్టి అంటూ రేవులో పారబోయించారు. అదే ఒకినావా జట్టు 2025 వేసవి టైటిల్ గెలిచింది.

చదువుకోసం వెళ్లిన విదేశీ విద్యార్థికి ఈ చరిత్రంతా మొదట కనిపించదు. ప్రొఫెషనల్ మ్యాచ్‌కు వెళ్తే గ్యాలరీ అతన్ని ఇట్టే కలుపుకుంటుంది. ఒక్కో బ్యాటర్‌కు ఒక్కో పాట, బాకాలు, డోళ్లు. తమ జట్టు బ్యాటింగ్ చేస్తున్నప్పుడే అరవాలి, అవతలివాళ్ల వంతు వస్తే కూర్చోవాలి. వీపున బీరు పీపా మోస్తూ మెట్లెక్కే అమ్మాయిలు, ఆట అయ్యాక ఎవరి చెత్త వాళ్లే ఏరుకునే జనం. భాష రాకపోయినా చప్పట్ల లయ రెండు ఇన్నింగ్స్‌లో పట్టుబడుతుంది.

ఇల్లు అద్దెకు తీసుకోబోతే మాత్రం లెక్క వేరు. జపాన్ న్యాయశాఖ 2017లో వెల్లడించిన సర్వేలో, ఇల్లు వెతుక్కున్న విదేశీయుల్లో దాదాపు 40 శాతం మంది విదేశీయులన్న కారణంతోనే తిరస్కరణ ఎదురైందని చెప్పారు. 2024 మే నాటికి అక్కడ 3.36 లక్షల మంది విదేశీ విద్యార్థులున్నారు. చైనా తర్వాతి స్థానం నేపాల్‌ది, దాదాపు 65 వేలు. భారతీయులు రెండు వేల లోపే. విద్యార్థి వీసా మీద వారానికి 28 గంటలే పనిచేయాలి. ఫీజులకు అప్పు చేసి వచ్చిన నేపాలీ కుర్రాడు పగలు భాషా పాఠశాలలో, రాత్రి కన్వీనియన్స్ స్టోర్ కౌంటర్లో గడుపుతాడు. అతనికి బేస్‌బాల్ అంటే చాలాసార్లు మ్యాచ్ అయ్యాక బీరు కోసం వచ్చే గుంపే.

జపాన్‌కు ఈ కుర్రాళ్లు కావాలి. 2033 నాటికి విదేశీ విద్యార్థుల సంఖ్యను 4 లక్షలకు చేర్చాలన్నది ప్రభుత్వ లక్ష్యమే. కానీ 2025 జులై ఎగువసభ ఎన్నికల్లో 'జపనీయులే ముందు' అన్న నినాదంతో సాన్‌సెయితో పార్టీ 14 స్థానాలు గెలిచింది. పీహెచ్‌డీ విద్యార్థులకు ఏటా 29 లక్షల యెన్ల వరకు ఇచ్చే పథకంలో జీవన భృతిని జపాన్ పౌరులకే పరిమితం చేయాలని విద్యాశాఖ కూడా అదే ఏడాది నిర్ణయించింది. పిలిచే చేయి, ఆపే చేయి రెండూ ఒకే ప్రభుత్వానివి. లాస్ ఏంజెలెస్‌లో ఆడే షోహెయ్ ఒహ్తానీ కూడా ఒక విదేశీ ఉద్యోగే అన్న సంగతి ఈ చర్చల్లో ఎవరికీ గుర్తురాదు.

ఇది మనకు దూరపు వ్యవహారం కాదు. 2025 ఆగస్టులో మోదీ టోక్యో పర్యటనలో, అయిదేళ్లలో రెండు దేశాల మధ్య 5 లక్షల మంది రాకపోకలు జరగాలని, అందులో 50 వేల మంది నిపుణులు భారత్ నుంచి వెళ్లాలని ఒప్పుకున్నారు. అమెరికా హెచ్-1బీ ఫీజును లక్ష డాలర్లకు పెంచాక హైదరాబాద్, విజయవాడల్లో ఇంజినీరింగ్ పూర్తిచేసినవాళ్లకు జపాన్ మరో దారిలా కనిపించడం సహజం. వెళ్లేవాళ్లు భాషా పాఠశాల ఫీజుతో పాటు మరికొన్ని అడగాలి. భృతి పథకాల్లో విదేశీయులకు ఇప్పుడు ఏది మిగిలింది, అద్దె ఇంటికి పూచీ ఎవరిస్తారు, 28 గంటల సంపాదనతో అప్పు వాయిదా కట్టగలమా? ఏజెంట్ల కరపత్రాల్లో ఈ లెక్కలు ఉండవు.