అద్దం ముందు ఆగిపోతున్న చదువులు

పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి వరుసగా సెమినార్లు ఎగ్గొడితే గైడ్ దానికి అశ్రద్ధ అని పేరు పెడతారు. పొద్దున్నే గంటలకొద్దీ అద్దం ముందు ఉంటే రూమ్మేట్లు సోకులు అంటారు. ఫెలోషిప్ డబ్బులు పడగానే క్రీములకు తగలేస్తే ఇంట్లోవాళ్లు దుబారా అంటారు. ఈ మూడూ ఒకే జబ్బు లక్షణాలు కావచ్చని మాత్రం ఎవరికీ తట్టదు. ఆ జబ్బు పేరు బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్. క్లుప్తంగా బీడీడీ అంటారు. మన క్యాంపస్‌లలో డిప్రెషన్ గురించి ఇప్పుడిప్పుడే కాస్త మాట్లాడుతున్నారు. బీడీడీ పేరు మాత్రం కౌన్సెలింగ్ గదుల్లో కూడా అరుదుగా వినిపిస్తుంది. దళిత, ఆదివాసీ, బహుజన విద్యార్థినుల విషయంలో ఈ మౌనానికి ఇంకో పొర ఉంది. ఈ సంపాదకీయం దాని గురించే.

ముందు జబ్బు సంగతి చూద్దాం. బీడీడీ ఉన్నవారిని తమ ముఖంలోనో శరీరంలోనో ఏదో ఘోరమైన లోపం ఉందన్న ఆలోచన వదలదు. ఎదుటివారికి ఆ లోపం అసలు కనిపించదు, కనిపించినా చాలా చిన్నది. చర్మం, ముక్కు, జుట్టు గురించిన బాధ ఎక్కువ. మాటిమాటికీ అద్దం చూసుకోవడం, లేదంటే అద్దమంటేనే భయపడటం, మొటిమలు గిల్లుకోవడం, కనిపించిన ప్రతి ఒక్కరితో పోల్చుకోవడం, ‘బాగున్నానా’ అని పదేపదే అడగడం దీని లక్షణాలు. 1891లోనే ఇటలీ వైద్యుడు ఎన్రికో మోర్సెల్లి దీన్ని వర్ణించారు. 2013లో వచ్చిన డీఎస్ఎం-5 దీన్ని ఓసీడీ, దాని సంబంధిత రుగ్మతల కింద చేర్చింది. వివిధ దేశాల సర్వేల ప్రకారం ఇది నూటికి సుమారు ఇద్దరిలో ఉంటుంది. అబ్బాయిల్లోనూ ఉంటుంది. చాలామందికి టీనేజీలోనే మొదలవుతుంది, అంటే యూనివర్సిటీకి వచ్చేనాటికే కొన్నేళ్లుగా దాన్ని మోస్తూ ఉంటారు.

అద్దం చూసి నిట్టూర్చే ప్రతి ఒక్కరికీ ఈ జబ్బు ఉన్నట్టు కాదు. ఆ ఆలోచనలు రోజులో ఎంత సమయాన్ని మింగుతున్నాయి, వాటివల్ల ఏ పనులు ఆగిపోతున్నాయి అన్నది వైద్యులు అడిగే ముఖ్యమైన ప్రశ్న. రోజుకు గంటకు మించి పోతూ, క్లాసు, లైబ్రరీ, మెస్, స్నేహాలు ఒక్కొక్కటిగా జారిపోతుంటే దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఈ జబ్బు ఉన్నవారిలో ఆత్మహత్య ఆలోచనలు చాలా ఎక్కువ. మరోపక్క, దీనికి చికిత్స ఉంది. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, ఎస్ఎస్ఆర్ఐ తరగతి మందులు చాలామందికి పనిచేస్తాయి. సిగ్గుతో బయటికి చెప్పరు, డాక్టర్లు అడగరు, అసలు సమస్య అక్కడే.

ఇప్పుడు నిర్వచనంలోని ఒక మాట దగ్గర ఆగాలి. ‘ఎదుటివారికి కనిపించని లోపం’ అంటున్నాం. ఆ ఎదుటివారు ఎవరు? కుల సమాజంలో ఒక నల్లపిల్లకు ఎదుటివారు ఏమీ చూడనట్టు ఉండరు. చిన్నప్పుడు చుట్టాలు రంగు తక్కువ అంటారు. పెళ్లిచూపుల్లో ఆ రంగుకు కట్నంలో లెక్క కడతారు. క్యాంపస్‌కు వచ్చాక అదే మాట చదువుకున్న గొంతుతో వినిపిస్తుంది: ‘నువ్వు ఎస్సీలా కనిపించవే!’ అన్నవాళ్లు దాన్ని పొగడ్త అనుకుంటారు. ఎస్సీలకు ఒక ముఖం ఉంటుందని, అది చూడదగ్గది కాదని, నువ్వు ఎలాగో తప్పించుకున్నావని దాని అర్థం. ఆ పొగడ్త దక్కిన అమ్మాయి తన ముఖాన్ని కాపలా కాసుకోవడం మొదలుపెడుతుంది. దక్కని అమ్మాయి తన ముఖం తన సర్టిఫికెట్ కంటే ముందే గదిలోకి వెళ్తోందని అనుకుంటుంది.

ముఖంలో కులాన్ని చదివే ఈ అలవాటుకు ఒకప్పుడు శాస్త్రం వేషం కూడా వేశారు. 1901 జనగణన కమిషనర్ హెర్బర్ట్ రిస్లీ ముక్కులు కొలిచి, ముక్కు వెడల్పుకూ సామాజిక హోదాకూ లంకె పెట్టాడు. బాబాసాహెబ్ అంబేడ్కర్ 1948లో వెలువరించిన ‘ది అన్‌టచబుల్స్’లో అదే రకం కొలతలను ముందు పెట్టుకుని, బ్రాహ్మణులూ అంటరానివారూ వేరు వేరు జాతులన్న వాదం నిలబడదని చూపించారు. అన్ని కులాల్లోనూ అన్ని రంగులూ, అన్ని ముక్కులూ ఉన్నాయి. ఆ కొలబద్ద పుస్తకాల్లో ఓడిపోయింది గానీ హాస్టల్ కారిడార్లలో, ఇంటర్వ్యూ గదుల్లో, పెళ్లి సంబంధాల్లో ఇంకా బతికే ఉంది.

కులమే బీడీడీని పుట్టిస్తుందని నా వాదన కాదు. ఇది అన్ని కులాల్లోనూ వస్తుంది, వంశపారంపర్యంగా వచ్చే స్వభావానికీ ఇందులో పాత్ర ఉంది. అయితే చిన్ననాటి వెక్కిరింపులు, అవమానాలు చాలామంది రోగుల కథల్లో ఉంటాయని వైద్యులకు తెలుసు. మన దగ్గర ఆ వెక్కిరింపు భాష కులం నుంచే వస్తున్నప్పుడు, కులం గురించి అడగని వైద్యం సగం చరిత్రనే రాసుకున్నట్టు.

ఈ గాయం మీద వ్యాపారం కూడా పెరిగింది. 1975లో మార్కెట్లోకి వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో గ్లో అండ్ లవ్లీగా పేరు మార్చుకుంది. అదే ఏడాది షాదీ డాట్ కామ్ చర్మం రంగు ఫిల్టర్‌ను తీసేసింది. పేర్లు మారాయి, ఆశ మారలేదు. అంతకంటే ప్రమాదం మందుల షాపుల్లో ఉంది. చర్మవ్యాధులకు వాడాల్సిన స్టెరాయిడ్ క్రీములను తెల్లబడటానికి చీటీ లేకుండానే కొనుక్కుంటున్నారు. 2018లో ప్రభుత్వం ఇలాంటి క్రీములను ప్రిస్క్రిప్షన్ ఉంటేనే అమ్మాలన్న షెడ్యూల్ హెచ్‌లో చేర్చినా ఆ అలవాటు పోలేదు. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, ఎర్రబడుతుంది, మొటిమలూ వెంట్రుకలూ వస్తాయి, మానేస్తే మంట ఇంకా పెరుగుతుంది. లేని లోపం కోసం మొదలుపెట్టిన క్రీము నిజమైన లోపాన్ని మిగుల్చుతుంది. బీడీడీ ఉన్నవారికి కాస్మెటిక్ చికిత్సలు కూడా సాధారణంగా ఊరట ఇవ్వవు. బాధ అక్కడే ఉంటుంది, లేదా ఇంకో అవయవం మీదికి మారుతుంది.

ఇలాంటి అమ్మాయి సహాయం కోసం వెళ్తే రెండు రకాల జవాబులు ఎదురవుతాయి. కౌన్సెలర్ ‘అంతా నీ ఊహ, నువ్వు బాగానే ఉన్నావు’ అంటారు. ఆమె విన్న మాటలు ఊహ కాదు గనుక ఆ క్షణమే నమ్మకం తెగిపోతుంది. మనవైపు మిత్రులు ‘ఇది జబ్బు కాదు, బ్రాహ్మణీయ సౌందర్య దృష్టి, దాన్ని ధిక్కరించు’ అంటారు. విశ్లేషణ సరైనదే. కానీ రాత్రి రెండింటికి ఫోన్ కెమెరాలో తన ముక్కును నలభయ్యోసారి చూసుకుంటున్న మనిషిని విశ్లేషణ నిద్రపుచ్చదు. పైగా ధిక్కరించలేకపోయానన్న సిగ్గు కూడా తోడవుతుంది. అవమానం నిజం, జబ్బూ నిజం. ఒకదానికి న్యాయం కావాలి, రెండోదానికి చికిత్స కావాలి. ఒకటి ఇచ్చి రెండోది ఎగ్గొట్టడానికి వీల్లేదు.

అలంకరణను చిన్నచూపు చూడటం మన ఉద్యమ వారసత్వం కూడా కాదు. 1927 డిసెంబరులో మహాద్‌లో బాబాసాహెబ్ మహిళలతో ప్రత్యేకంగా మాట్లాడారు. కులాన్ని పట్టిచ్చే చీరకట్టునూ నగలనూ వదిలేయమని చెప్పారు. శరీరం మీద కులం వేసిన గుర్తులు రాజకీయ విషయమేనని ఆయనకు తెలుసు. ఆయన వదిలేయమన్నది బట్టల మీది గుర్తులను. ముఖాన్ని మార్చుకోమని ఎవరికీ చెప్పలేదు. ఆ తేడాను మన స్టడీ సర్కిళ్లు అమ్మాయిలతో కూర్చుని మాట్లాడాలి, ఉపన్యాసం ఇవ్వడం మానేసి వినాలి.

ఇక సంస్థల బాధ్యత. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ కుల వివక్ష లేని మానసిక వైద్యాన్ని హక్కుగా గుర్తించింది. విశాఖపట్నంలో చదువుకుంటూ చనిపోయిన ఒక విద్యార్థిని కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు దేశవ్యాప్త మార్గదర్శకాలిచ్చింది. వంద మంది లేదా అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో కనీసం ఒక అర్హత గల కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో ఉండాలని చెప్పింది. అణగారిన వర్గాల విద్యార్థులతో ఎలా మెలగాలో సిబ్బందికి శిక్షణ ఇవ్వాలని కూడా చెప్పింది. ఈ ఆదేశాన్ని ఒక గదికి, ఒక బోర్డుకు కుదించనివ్వకూడదు. ఆ గదిలో కూర్చునే వ్యక్తి విద్యార్థిని భాషలో మాట్లాడాలి. బీడీడీ గురించి అడగడం తెలిసి ఉండాలి. రంగు గురించి, కులం గురించి ఎవరైనా ఏమైనా అన్నారా అని కూడా అడగాలి. అక్కడ చెప్పింది గైడ్ దాకా వెళ్లకూడదు. సైకియాట్రిస్టు దగ్గరికి పంపితే ఆ ఖర్చు, ఆ రోజుల హాజరు సంస్థే చూసుకోవాలి.

ఇంకో హెచ్చరిక అవసరం. రోహిత్ వేముల, పాయల్ తడ్వీల తర్వాత వివక్ష ఫిర్యాదును మానసిక సమస్యగా మార్చి ఫైలు మూసేసే తెలివి యాజమాన్యాలకు బాగా అబ్బింది. తన ముఖం గురించి కులం పేరుతో అన్న మాట మీద విద్యార్థిని ఫిర్యాదు చేస్తే, 2012 యూజీసీ సమానత్వ నిబంధనల స్ఫూర్తి ప్రకారం అది ఫిర్యాదుగానే విచారణకు వెళ్లాలి. ఆమె థెరపీ తీసుకుంటోందన్న సంగతి ఆ ఫైలులో ఆమెకు వ్యతిరేకంగా సాక్ష్యం కాకూడదు. కౌన్సెలింగ్ గదికీ ఫిర్యాదుల కమిటీకీ మధ్య గోడ ఉండాలి, రెండింటి తలుపులూ తెరిచి ఉండాలి.

ఇది చదువుతున్నవారిలో ఎవరికైనా ఈ వర్ణన తమదే అనిపిస్తే, ఒక్క మాట. మీరు పడుతున్నది పొగరూ కాదు, బలహీనతా కాదు. అది పేరున్న, మందున్న జబ్బు. ఇంకో క్రీము కొనేముందు ఒక సైకియాట్రిస్టునో క్లినికల్ సైకాలజిస్టునో కలవండి. కేంద్ర ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనూ మాట్లాడొచ్చు. మొదటి తరం చదువుతో ఇక్కడిదాకా వచ్చినవాళ్లం. ఒక్క విద్యార్థిని అద్దం ముందు ఆగిపోయినా ఆ నష్టం ఆమె ఒక్కదానిదే కాదు.